డబ్బాల గ్రూపులో పళ్ళమేస్త్రి

అతని పని పళ్ళ సెట్లు చేయడం. పంటి డాక్టర్లు మనుషుల నోటి కొలతలు తీసి పంపిస్తే, ప్లాస్టర్‌తో అచ్చు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ పేర్చి, అసలు పళ్ళే అసూయపడే వరసని తయారుచేసేవాడు. ఆ నోరు ఎవరిదో ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. మెట్ల కింద ఇరుకు గది, ఒక కిటికీ, గోడ పొడుగునా అరలు, అరల నిండా ఎవరెవరివో తెల్లటి దవడలు. "ఇంతమంది ఒకేసారి ఇకిలిస్తుంటే పనెలా చేస్తారండీ?" అని ఒక కొరియర్ మనిషి గుమ్మంలోనే ఆగిపోయి అడిగాడు. సెట్టు ఇచ్చేశాక అచ్చు పారేయమని డాక్టర్లు చెప్పినా అతను పారేసేవాడు కాదు. రేపు ఎవరి సెట్టో సింకులో పడి విరిగితే ఆ అచ్చే దిక్కు కదా అనేవాడు. ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే అతనికి ఊపిరాడేది కాదు.

అలాంటివాడు డబ్బాల పిచ్చిలో పడ్డాడంటే వింతేమీ లేదు. డబ్బా అంటే ఇంట్లో ఒక మూల పెట్టుకునే చిన్న పెట్టె. లోపల రెండో మూడో డిస్కులుంటాయి. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ అన్నీ ఫోటోలూ వీడియోలూ అందులో దాచుకుని, కావాల్సినప్పుడు వైఫై మీద అందులోంచే తీసుకుంటాయి. కంపెనీలు దానికి నెట్‌వర్క్ స్టోరేజ్ అని గంభీరమైన పేరు పెట్టాయి. వాడుకునేవాళ్ళు మాత్రం డబ్బా అనే పిలుచుకున్నారు. వాళ్ళకి ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు ఉండేది. బ్యాంకు క్లర్కు, లిఫ్టులు బాగుచేసే మనిషి, కాన్పుల ఆసుపత్రి నర్సమ్మ, రిటైరైన లెక్కల టీచరు, అందరూ ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు. అక్కడ ఎవరికీ అసలు పేర్లుండవు. మనవాడు చేరిన కొత్తలో తన వృత్తేమిటో నోరుజారి చెప్పాడు. అంతే, పళ్ళమేస్త్రి అని పేరు ఖాయం చేసేశారు. పైకి చిరాకుపడ్డా లోలోపల మురిసిపోయాడు. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరికీ, చివరికి అక్కకి కూడా, చెప్పలేదు. చెబితే భార్య జన్మంతా ఆటపట్టిస్తుందని భయం.

ఆ గ్రూపులో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా "డబ్బా తెరుచుకోవడం లేదు, ఫోటోలు కనబడటం లేదు" అని గుండెలు బాదుకుంటూ వస్తే, ముందుగా చూసినవాళ్ళు రెండే మాటలు రాయాలి: "చేతులు తీయండి." ఏమీ నొక్కకండి, ఏమీ పీకకండి, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి కూర్చోండి అని దాని అర్థం. డబ్బా పాడై దాచుకున్నవి పోవడం తక్కువ. కంగారులో మనిషి ఏదో ఒకటి నొక్కి పోగొట్టుకోవడమే ఎక్కువ. ఆ తర్వాత పెద్దలు తీరిగ్గా వచ్చి, "ఇంకో కాపీ ఉందా?" అని అడిగి, చంటిపిల్లని నడిపించినట్టు ఒక్కొక్క అడుగే వేయించేవాళ్ళు. ఆ పెద్దల జవాబుని అన్నిటికంటే పైన పెట్టేవాళ్ళు. పళ్ళమేస్త్రి కూడా ఆ పెద్దల్లో ఒకడు. ప్లాస్టర్ గట్టిపడేలోపు చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి ఎవరికో ఒకరికి జవాబు రాసేవాడు. ఈ సంగతి చెప్పి అక్క దగ్గర గొప్పలు కూడా పోయాడు.

"మా దాంట్లో పైనున్న మాటే పెద్దల మాటక్కా. కిందవాళ్ళు సవాలక్ష వాగుతారు, అవేవీ పట్టించుకోకూడదు" అన్నాడు. అక్క నవ్వి, "సరేలేరా పెద్దమనిషీ" అంది.

అప్పుడొచ్చింది ఆ వీడియో. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకునే ఒక కుర్రాడు చేశాడు. మాట్లాడితే నవ్వొస్తుంది, చూస్తుంటే ఇంతేనా, మనమూ చేసేయగలం అనిపిస్తుంది. అటకమీద పడున్న పాత కంప్యూటర్‌ని దించి, డిస్కులు తగిలించి, కొనుక్కున్న డబ్బాకంటే చురుగ్గా పనిచేసే డబ్బాని కళ్ళముందే తయారుచేశాడు. అతన్ని తిట్టి లాభం లేదు, చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే అతను పెట్టినవి అప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన ఖాళీ డిస్కులు. ఖాళీ డిస్కు పెడితే కంప్యూటర్, "దీన్ని గుర్తించలేకపోయాను, సిద్ధం చేయమంటారా?" అని అడుగుతుంది. కుర్రాడు చెయ్యమని నొక్కి, శుభ్రంగా తుడవమనే గడిలో టిక్కు పెట్టి, చప్పట్లు కొట్టాడు. పాత డబ్బాలోంచి తీసిన నిండు డిస్కుకి కూడా కొత్త కంప్యూటర్ అదే ప్రశ్న వేస్తుందనీ, అప్పుడు అదే మీట నొక్కితే ఉన్నదంతా ఊడ్చుకుపోతుందనీ చెప్పడానికి ఆ వీడియోలో చోటు చాలలేదు. మధ్యలో ప్రకటనలు కూడా పట్టాలి కదా.

లక్షలమంది చూశారు. చూసినవాళ్ళలో ఎవరికి ఏ సందేహం వచ్చినా గ్రూపుమీదికి వచ్చి పడ్డారు. గ్రూపు నడిపేవాళ్ళకి జనాన్ని చూసి తల తిరిగింది. ఇంతమందికి పెద్దలు ఎక్కడ సరిపోతారని, ఎక్కువ లైకులొచ్చిన జవాబు దానంతటదే పైకి వెళ్ళేలా మార్చేశారు. లైకులు రాని జవాబులు మడతలో పడిపోయేవి. పేరు కనబడదు, ఒక్క పంక్తి కనబడుతుంది, నొక్కితేగానీ మిగతాది తెరుచుకోదు. "చేతులు తీయండి" అని రాస్తే "తాతగారి మంత్రం మొదలైంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. లెక్కల టీచరు "నాకిక ఓపిక లేదు నాయనా" అని రాసి వెళ్ళిపోయాడు. నర్సమ్మ ఆ మాత్రం కూడా చెప్పకుండా మానేసింది. పళ్ళమేస్త్రికీ అలిగి వెళ్ళిపోవాలనే ఉండేది. కానీ ఒక్కడైనా మిగలాలి కదా అని పంటి బిగువున ఉండిపోయాడు. ఆ హడావుడిలోనే అక్క ఇంటి డబ్బాకి తను ఉంచిన రెండో కాపీ డిస్కు చెడిపోయింది. కొత్తది తేవాలి, తెచ్చి మళ్ళీ ఎక్కించాలి. వచ్చే ఆదివారం చూద్దాం అనుకున్నాడు. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఊరందరినీ కాపీ ఉందా అని అడిగినవాడు అక్క ఇంటి కాపీని మాత్రం అలా వదిలేశాడు.

అక్కది మేడమీద వాటా. బావగారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కెమెరా అంటే ప్రాణం. పెళ్ళైన నాటినుంచి భార్యని ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. బట్టలు ఆరేస్తుంటే, నిద్రపోతుంటే, కోపంగా చూస్తుంటే, ఏదీ వదల్లేదు. పిల్లలు లేరు. ఉన్నదంతా ఆవిడే. ఆల్బమ్‌లకి చెమ్మ పట్టి బొమ్మలు ఊడివస్తుంటే, పళ్ళమేస్త్రే కూర్చుని అన్నీ కాపీ తీసి డబ్బాలో పెట్టాడు. ఆల్బమ్‌లు పారేశారు. తర్వాత బావగారికి మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు, తర్వాత వీధులు, తర్వాత మనుషులు. చివరికి భార్యని చూసి కూడా "మీరెవరండీ?" అనడం మొదలుపెట్టాడు. ఆ మర్యాదే ఆవిడని కోసేసేది.

కానీ ఫోటోల్లో అమ్మాయిని అతను మరిచిపోలేదు. అది కనిపెట్టింది అక్కే. రోజూ సాయంత్రం టీవీలో ఆ ఫోటోలు వరసగా వేసేది. పడుచుదనం నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఏడూ దాటుకుంటూ, జుట్టు నెరిసేదాకా. అతను ఒక్కో బొమ్మకీ మొహం వెలిగించుకుని చూసి, ఆఖరి బొమ్మ దాకా వచ్చాక, పక్కకి తిరిగి "ఓ, నువ్వేనా!" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ తెల్లవారినప్పటినుంచి ఎదురుచూసేది. పడుకునేదాకా ఆవిడ అతనికి భార్య. పొద్దున్న లేస్తే మళ్ళీ పరాయిదే.

డబ్బా పాతదైపోయి ఫోటోలు రావడం ఆలస్యమవుతోంది. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య టీవీ నల్లగా ఉండిపోతే బావగారు విసుక్కుని లేచిపోయేవాడు. లేచిపోతే మళ్ళీ మొదటినుంచి రావాలి. తమ్ముణ్ణి పిలుద్దామంటే, ఆ గ్రూపులో తలమునకలుగా ఉన్నాడు, వాణ్ణెందుకు విసిగించడం అనుకుంది. టోపీ కుర్రాడి వీడియో ఆవిడా చూసింది. మూలనున్న కంప్యూటర్ దుమ్ము దులిపి, పాత డబ్బాలోంచి డిస్కులు తీసి, చెప్పింది చెప్పినట్టు తగిలించింది. తెరమీద ఆ ప్రశ్న రాగానే ఆగింది. అక్క తెలివితక్కువది కాదు. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. తమ్ముడి గ్రూపులో ఇల్లాలు అని ఏదో పేరు పెట్టుకుని చేరి, "పాత డిస్కులు కొత్తదాంట్లో పెట్టాను. గుర్తించలేదు, సిద్ధం చేయమంటారా అని అడుగుతోంది. నొక్కవచ్చా అండీ?" అని రాసింది.

పళ్ళమేస్త్రి ఆ ప్రశ్న చూశాడు. చేతినిండా మైనం. అలాంటి ప్రశ్నలు ఆ వారంలో లెక్కలేనన్ని వచ్చాయి. ఆ ఇల్లాలు ఎవరో అతనికేం తెలుసు? చెయ్యి తుడుచుకుని, "చేతులు తీయండి. నొక్కితే అన్నీ పోతాయి. డిస్కులు తీసి పాత డబ్బాలోనే మళ్ళీ పెట్టండి" అని రాసి, పనిలో పడిపోయాడు. సాయంత్రం చూస్తే ఆ మాట మడతలోకి పోయింది. పైన డబ్బాడాక్టర్ అనేవాడెవడో, "ఏం కంగారు పడకండి, అందరికీ అలాగే అడుగుతుంది, నొక్కేయండి, తుడవమని టిక్కు కూడా పెట్టండి" అని రాశాడు. దానికింద లైకులే లైకులు. లైకు కొట్టినవాళ్ళంతా ఖాళీ డిస్కులు పెట్టుకున్నవాళ్ళు. దానికి ఇల్లాలు "చాలా థాంక్స్ అండీ" అని జవాబిచ్చింది. పళ్ళమేస్త్రి అది చదివాడు. ఎవరి ఇంట్లో ఏం పోయిందో పాపం అనుకున్నాడు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "ఒకసారి రారా. డబ్బా ఖాళీగా ఉంది" అంది.

చేస్తున్న సెట్టు అలాగే వదిలేసి వెళ్ళాడు. డిస్కులు తీసి, తనకి తెలిసిన పరీక్షలన్నీ చేశాడు. పైపైన చెరిపితే వెనక్కి రాబట్టే దారులున్నాయి. ఈ డిస్కుల్లో ఈ అంచునుంచి ఆ అంచుదాకా సున్నాలే రాసి ఉన్నాయి. చూసిందే మళ్ళీ చూశాడు. చివరికి తలెత్తలేక, నేలని చూస్తూ అడిగాడు.

"ఎందుకు నొక్కావక్కా? నాకొక్క ఫోన్ కొడితే పోయేది కదా."

అక్క ఆశ్చర్యంగా చూసింది. "అదేమిట్రా! నొక్కమన్నది నువ్వే కదా."

"నేనా?"

"మీ గ్రూపులోనే అడిగాను. పైన డబ్బాడాక్టర్ అని ఉంది. పంటి డాక్టర్ల మధ్య తిరిగి తిరిగి వీడూ డాక్టరైపోయాడు అని నవ్వుకున్నా కూడా. పైనున్న మాటే వినమన్నావుగా. కింద ఎవరో 'చేతులు తీయండి' అని రాశారు. చూశాను. ఎవరో పిరికిమనిషి, మా తమ్ముడికంటే తెలుసా అని వదిలేశా." అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వేం బాధపడకు. నీకు మాత్రం ఏం తెలుసు, ఇంట్లో ఉన్నట్టు చూడలేవు కదా. నీమీద నాకేం కోపం లేదురా. కానీ నిజం చెప్పు, ఆ పైన రాసింది నువ్వేనా?"

పళ్ళమేస్త్రి నోరు తెరిచాడు. ఆ కింద ఉన్నవాణ్ణి నేనక్కా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే నింద తనమీదినుంచి పోతుంది. అది పోయి ఎక్కడ పడుతుందో కూడా అతనికి తెలుసు. తమ్ముడు వద్దన్న పనిని, తమ్ముడి మీది నమ్మకంతోనే చేసి, మొగుణ్ణి పోగొట్టుకున్నానని ఈవిడ బతికినన్నాళ్ళూ కుళ్ళిపోతుంది. ఎలాగూ రెండో కాపీ తీసి పెట్టనివాణ్ణి నేనే కదా అనుకున్నాడు.

"నేనేనక్కా. తొందరలో రాసేశాను. క్షమించు" అన్నాడు.

అక్క అతని తలమీద చెయ్యి వేసి, "పోనీలేరా" అంది.

బావగారు లోపలినుంచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. వేళ తప్పకుండా వచ్చాడు. టీవీ వైపు చూశాడు. కాసేపు ఓపిక పట్టి, పక్కనే నిలబడ్డ భార్యతో ఎంతో మర్యాదగా, "మీరు కూర్చోండి. ఆవిడ ఇప్పుడొచ్చేస్తుంది" అన్నాడు. అక్క కూర్చుంది. పళ్ళమేస్త్రి ఆ గదిలో నిలబడలేకపోయాడు. అతను తయారుచేసిన వందల నోళ్ళలో ఒక్కదానికైనా అప్పుడు చెప్పాల్సిన మాట తెలిసి ఉండదు.

మెట్లమీదికి వచ్చి నించున్నాడో లేదో, వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆ కింద వద్దన్న ఆయనెవరో ఒకసారి చూడాలిరా. ఒక్కడైనా సరిగ్గా చెప్పాడు. పేరు చూసి ఒక దణ్ణమైనా పెట్టుకుంటా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

ఆ మడత తెరిస్తే పళ్ళమేస్త్రి అని పేరు కనబడుతుంది. లోకంలో పళ్ళమేస్త్రులు ఎంతమంది ఉంటారు? అక్కకి క్షణం పట్టదు. అతను గబగబా ఫోన్ తీసి, ఆ ప్రశ్న వెతికి, కింద మడతలో ఉన్న తన జవాబుమీద వేలు పెట్టాడు. రేపు ఇదే ప్రశ్నతో ఇంకెవరో వస్తారు. వాళ్ళకి వద్దని చెప్పే ఆ ఒక్క మాట కూడా ఇక ఇక్కడ ఉండదు. వేలు ఒక్క క్షణం ఆగింది. లోపల బావగారు దగ్గాడు. అతను జవాబు తీసేశాడు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ పట్టుకుని మెట్లమీదికి వచ్చింది. తెరని పైకీ కిందికీ జరిపి చూసింది.

"అది లేదేమిట్రా? నిన్నటిదాకా ఉంది" అంది. "పాపం, తన మాట ఎవరూ వినలేదని మనసు విరిగి తీసేసుకున్నాడేమో."

"అయ్యుంటుందక్కా" అన్నాడు తమ్ముడు.