జెండా మీద పిండి వడియాలు

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం. అమ్మాయి పురుడికని మ్యూనిక్ వెళ్ళినదాన్ని, విమానాలు ఆగిపోయి అక్కడే ఉండిపోయాను. మా కింద వాటాలో ఒక యూదుల పెద్దావిడ, పై వాటాలో ఆవిడ తమ్ముడు. నడుమ మేం.

ఆవిడకి దేవుడంటే నమ్మకం లేదు. వాళ్ళ గుడి మొహం చూడదు, వాళ్ళకి కూడని పంది మాంసం లొట్టలేసుకుని తింటుంది. అయినా శుక్రవారం పొద్దుగూకేసరికి, వాళ్ళమ్మ వెలిగించేదని రెండు కొవ్వొత్తులు వెలిగించి తమ్ముడికి కోడి సూప్ పోస్తుంది. తమ్ముడికీ దేవుడు లేడు గానీ ఇజ్రాయెల్ ఉంది. ఆ దేశాన్ని ఎవరేమన్నా పోపులో ఆవాల్లా చిటపటలాడతాడు.

ఆ వారం మెట్ల మీద ఇద్దరికీ పడింది. మా అమ్మాయి తలుపు సందులోంచి విని నాకు తెలుగులో చెప్పింది.

"ఇక్కడ మనవాళ్ళని ఊచకోత కోసినప్పుడే ఆ దేశం ఉంటే మన తాతవాళ్ళు పారిపోడానికి ఓ చోటుండేది కదక్కా!" అన్నాట్ట ఆయన.

"వాళ్ళ కోసం నేనూ ఏడుస్తానురా. అలాగని ఇంకోళ్ళని ఇళ్ళల్లోంచి తరిమి, నా పేరు చెప్తే ఊరుకోను. నేను యూదు మనిషినే, ఆ దేశం మనిషిని కాను."

"అయితే నీ సూప్ నువ్వే తాగు!"

ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు వాళ్ళకి. శుక్రవారం వస్తాడో రాడోనని ఆవిడకి ఒకటే బెంగ.

మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది. పిండి వడియాలు పెడదామంటే పాత పంచె ముక్కయినా లేదు. చూద్దును కదా, బాల్కనీలో తెల్లటి నూలుగుడ్డ! అటూ ఇటూ నీలం అంచు, నడుమ మన ముగ్గులో వేసినట్టు ఆరు కోణాల చుక్క. అమ్మాయి టేబుల్ గుడ్డ కాబోలనుకున్నా. పరిచి, చుక్క చుట్టూ వరసగా పెట్టేశాను.

మధ్యాహ్నం మా అమ్మాయి కెవ్వుమంది. "అమ్మా! అది పైనాయన ఇజ్రాయెల్ జెండానే! గాలికి పడిపోయింది!"

ఆయన రానే వచ్చాడు. మాస్కు పైన కళ్ళు ఎర్రగా మిరపపళ్ళు. లాక్కోబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగండన్నయ్యగారూ! పచ్చి మీద లాగితే పిండంతా పట్టేస్తుంది. ఎండాక వెనకనించి నీళ్ళు చల్లి ఒలవాలి."

మా అమ్మాయి నా మాట ఆయనకి జర్మన్‌లో, వాళ్ళ మాటలు నాకు తెలుగులో చెప్పింది. కింద బాల్కనీలోంచి పెద్దావిడ ఒకటే నవ్వు. "ఒరేయ్, ఆ జెండా మీద నాకు నచ్చినవి అవేరా!"

ఆయన వంగి చూసి, "నీ వాదన మీద ఒక్క వడియమైనా ఎండుతుందా?" అని అరిచి, తనే ఫక్కున నవ్వేశాడు.

శుక్రవారానికి గలగల్లాడుతూ ఎండాయి. పెరట్లో ఒక కొస అక్క, ఒక కొస తమ్ముడు పట్టుకున్నారు. కరోనా దూరం సరిగ్గా జెండా పొడుగు! నేను నీళ్ళు చల్లుతూ ఒలుస్తుంటే, కొసలు వదలకుండా ఇద్దరికీ మళ్ళీ అదే పోట్లాట.

ఆయన జెండా ఉతికి, మళ్ళీ పైనే కట్టుకున్నాడు. ఆవిడ చూసి మూతి తిప్పుకుంది. సాయంత్రం వడియాలు వేయించి కిందికి పట్టుకెళ్తే, కొవ్వొత్తులు రెండూ వెలుగుతున్నాయి. "అక్కా, ఇంకొంచెం పొయ్యి" అని గిన్నె చాపుతున్నాడాయన.