గోంగూర మడిలో దొరికిన చెయ్యి

మా పనుల టీచరమ్మ పోయారు. ఆ కబురు తెచ్చింది ఒకప్పుడు ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఉన్న పొదిలి రైతు. పక్షవాతం వచ్చిన కాలు ఈడ్చుకుంటూ, బస్సులు మారి చీరాల వచ్చి, మా వాకిట్లో నిలబడి, "టీచరమ్మ ఇక లేదయ్యా, కామెర్లంట" అన్నాడు. కార్డు ముక్క రాస్తే సరిపోయేదిగా అంటే, "ఆమె చావుకబురు కార్డు మీద రాసేదంటయ్యా?" అని నన్నే కసిరాడు. తర్వాత ఇద్దరం అరుగు మీద కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చాం.

ఆవిడ మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. డాక్టరు కాదు, నర్సూ కాదు. గుంటూరు దారిలో ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో, రోగుల చేత పని చేయించి వైద్యం చేసే ఉద్యోగం ఆవిడది. గది తలుపు మీద ఇంగ్లీషులో బారెడు పేరు రాసి ఉండేది. మాకెవరికీ నోరు తిరక్క 'పనుల టీచరమ్మ' అన్నాం. బొంబాయిలో చదివొచ్చిన మనిషి, ఆ పిలుపుకే పలికేవారు.

నేను నేతగాణ్ణి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, బండి మీంచి పడి కుడి మణికట్టు విరిగితే నాటుకట్టు వేయించుకున్నాను. అది బిగిసిపోయి, విప్పేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. మగ్గం మీద పేక పోగుని మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తాలంటే కుడిచేత్తో తాడు లాగాలి. తెగిన పోగు అతకాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. నావి కలవడం మానేశాయి. సగం నేసిన చీర మగ్గం మీదే దుమ్ము పట్టి ఉంది. ఈ చెయ్యి తిరిగి రాకపోతే నా బతుకేమిటి? నాకు వేరే విద్య రాదే!

అలాంటివాణ్ణి ఆవిడ మొదటిరోజే వార్డు వెనక మడి దగ్గరికి తీసుకెళ్ళి, గోంగూర గింజలు చేతిలో పోసి, "నాటవయ్యా" అన్నారు. నాకసలే ముక్కు మీద కోపం. "నేను నేతోణ్ణమ్మా, సేద్యగాణ్ణి కాదు. మందుంటే ఇవ్వండి, లేకపోతే పంపించెయ్యండి" అన్నాను.

"మందు నీ చేతిలోనే పోశాగా. ఎడంచెయ్యి వెనక్కి పెట్టు" అన్నారు.

సరే కానీ అని నాటాను. ఎలా నాటాను? నేతగాడు నాటినట్టే! దారం లాగి కట్టి, దాని వెంట గింజ పక్కన గింజ, సందు లేకుండా పరిచాను. మొలకలొచ్చాక పొదిలి రైతు కర్ర పోటేసుకుంటూ వచ్చి చూసి, పడీ పడీ నవ్వాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇది మడా, మగ్గం మీద పడుగా? మొక్కలకి ఊపిరాడొద్దంటయ్యా?" వార్డులో నడవగలిగిన వాళ్ళంతా చూడ్డానికొచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

టీచరమ్మ మాత్రం వంగి చూసి, "భేషుగ్గా ఉంది. ఇప్పుడు ఒకటి ఉంచి ఒకటి పీకెయ్. పక్కదాని వేరు కదలకూడదు. కుడిచేత్తోనే" అన్నారు.

సన్నటి మొలకలు. ఒకదాని కోసం వెళ్తే గుప్పెడు ఊడొచ్చేవి. చెమటలు పట్టేవి, ఏడుపొచ్చేది. "నీ వేలు మొండిది కాదయ్యా, భయపడింది. దాన్నే చూస్తూ కూచోకు, మొక్కని చూడు" అనేవారు. ఆ మడి అయిపోతే మళ్ళీ గింజలిచ్చి, "నీ పద్ధతిలోనే ఒత్తుగా వెయ్యి" అని నవ్వేవారు. పీకిన లేత గోంగూర మా పప్పులోకి పోయేది. ఆవిడ ముట్టేవారు కాదు. గుంటూరులో పుట్టి, కారం నాలుక్కి తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషిని ఆవిడనే చూశాను! పెరుగన్నంలో బెల్లం ముక్క నంజుకుంటుంటే, మిరప పండించే పొదిలాయన చూడలేక మొహం తిప్పుకునేవాడు.

ఓసారి మా అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. నేను మట్టిలో చతికిలబడి ఉండడం చూసి వార్డు అదిరేలా అరిచింది. "ఏమ్మా, వైద్యానికి పంపితే నా కొడుకు చేత వెట్టి చేయిస్తున్నారా? మీ తోటకి కూలోళ్ళే దొరకలేదా?"

ఆవిడ నొచ్చుకోలేదు. "పెద్దమ్మగారూ, కాస్త ఆ చెయ్యి చూడండి" అన్నారు. అప్పుడే నేనొక మొలకని రెండు వేళ్ళ మధ్య పట్టి పైకి లాగాను. పక్కది కదల్లేదు. పుట్టినప్పట్నించీ పోగుల మధ్య పెరిగిన మనిషి మా అమ్మ. ఆ పట్టు ఏమిటో ఆమెకి వేరే చెప్పాలా? క్యారియర్ కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చి మళ్ళీ మగ్గం గుంటలో దిగి నేత మొదలెట్టాను. చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. "అదొక్కటీ నావల్ల కాలేదయ్యా" అని ఆవిడ బాధపడేవారు. నేనైతే దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

మరుసటేడు నర్సులతో కలిసి వాడరేవు సముద్రం చూడ్డానికి వచ్చి, తిరుగుబస్సుకి ఇంకా టైముందని మా ఇంటికొచ్చారు. చీర అంచు నిండా ఇసుక. "ఏదీ, నేసి చూపించు" అంటూ మగ్గం పక్కన గోడకి చేరగిలబడ్డారు. తాడు లాగాను. నాడె అటూ ఇటూ పరుగెత్తింది. ఏమంటారో అని చాలాసేపు తలెత్తలేదు. ఒక్క మాటా వినపడలేదు. ఓరగా చూస్తే, నోరు కాస్త తెరిచి, ఆదమరిచి నిద్రపోతున్నారు. మాలాంటి మొండివాళ్ళతో ఎంత అలిసిపోయేవారో మహాతల్లి.

అంతలో పోగు తెగింది. నేతగాడన్నాక ఆపి అతకాలి. నా చెయ్యి ఆగబోతుంటే, గుమ్మంలోంచి అమ్మ వద్దు వద్దని సైగ చేసింది. చప్పుడు ఆగితే ఆవిడ లేస్తారు. ఆ పోగుని అలాగే వదిలేశాను. చీరలో సన్నటి సందు పడుతూ పోతోంది. చెయ్యి లాగేస్తోంది. ఆవిడ తల మెల్లగా భుజం మీదికి ఒరిగింది. నేను నేస్తూనే ఉన్నాను.