రెండుసార్లు అడిగే సుచరిత

మా నర్సింగ్ హోంలో కంప్యూటర్ పని చూసే సుచరితకు ఏ మాటనైనా రెండుసార్లు అడిగే చాదస్తం ఉంది. "చాయ్ తాగినవా అక్కా?" అంటుంది. తాగానంటే, "నిజంగ తాగినవా?" అంటుంది. బాన్సువాడ అంగట్లో కూరగాయలమ్మే వాళ్లు కూడా ఆమెను చూడగానే ధర రెండుసార్లు చెప్పేస్తారు. పొద్దంతా రోగుల చుట్టాలకు జవాబులు చెప్పి విసిగిపోయే నర్సును నేను. ఆమెతో డ్యూటీ పడిందంటే ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం పిట్లం వైపు తండా నుంచి వచ్చిన ధర్మికి కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. ఓ-నెగెటివ్ గ్రూపు రక్తం కావాలి. ఆమెను కదిలించే వీల్లేదు, రక్తమే ఇక్కడికి రావాలంది డాక్టరమ్మ. బ్లడ్ బ్యాంకుల ఫోన్లు కలవడం లేదు. ఎక్కడ ఎంత నిల్వ ఉందో చూపే వెబ్‌సైటు తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంది.

సుచరిత బ్రౌజర్ మూసేసి, కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచింది. మా నెట్ అంతా ఒక ప్రాక్సీ సర్వర్ గుండానే బయటికి పోతుంది. మనం అడిగింది అదే మోసుకెళ్లి, జవాబు తెచ్చిస్తుంది. ఆ ప్రాక్సీ అడ్రసు పెట్టి, నిల్వ ఎంతుందో వెబ్‌సైటును అడుగుతూ కమాండ్ కొట్టగానే జవాబొచ్చింది. నిజామాబాద్‌లో రెండు బ్యాగులు, కామారెడ్డిలో సున్నా.

ధర్మి భర్త వినోద్‌కుమార్ శాంపిల్ సీసా, ఐస్ డబ్బా పట్టుకుని కిరాయి కారు దగ్గరికి ఉరికాడు.

"అన్నా, జర ఆగు," అని కిటికీలోంచి పిలిచింది సుచరిత.

"ఏందే, ఉన్నదని నువ్వే అన్నవ్ గదా. ఇగ పోనియ్యి," అన్నాను.

"దీని మీద నిన్నటి తారీఖున్నది అక్కా. ప్రాక్సీ నిన్న తెచ్చి దాసుకున్న జవాబే మళ్ల ఇచ్చింది. ఇప్పుడు కొత్తగ అడిగి రమ్మని దానికి చెప్త."

కమాండ్‌కు ఇంకో ముక్క తగిలించి మళ్లీ పంపింది. ఈసారి తెర కదల్లేదు. లోపల ధర్మి మూలుగు సన్నబడుతోంది. బయట వినోద్ కారు తలుపు బాదుతున్నాడు. ఆ పిల్లను కుర్చీలోంచి లాగిపారేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

జవాబొచ్చింది. నిజామాబాద్‌లో సున్నా. కామారెడ్డిలో రెండు.

ఆ ఊళ్లు రెండూ చెరో దిక్కు. "కామారెడ్డికి పో అన్నా," అని అరిచింది సుచరిత. 

పొద్దు గూకకముందే రక్తం ఎక్కించాం. ధర్మి కళ్లు తెరిచి, బిడ్డ ఏదని అడిగింది. నేను సుచరిత దగ్గరికి వచ్చి చెప్పాను.

"తల్లి బతికింది."

"నిజంగ బతికిందా అక్కా?"

ఒళ్లు మండలేదు. పక్కన కూర్చుని, చల్లబడిన ఆమె చెయ్యి పట్టుకుని, మళ్లీ చెప్పాను.