మోటారు ఆగిన నిమిషం

నిమోనియాతో నా ఊపిరితిత్తులు రెండూ మొరాయిస్తే, నన్ను అనంతపురం నుంచి బెంగుళూరు ఆస్పత్రికి తీసుకుపోయి ఒక యంత్రానికి తగిలించారట. తొడ దగ్గర నల్లటి రక్తాన్ని లాగి, గాలి పట్టించి, ఎర్రగా మార్చి మెడలోంచి లోపలికి పంపే యంత్రం. 'అట' అని ఎందుకంటున్నానంటే, నాకు తెలిసినంతవరకూ ఆ రోజులన్నీ నేను కుందుర్పి దగ్గర మా చీనీ తోటలోనే, బత్తాయి చెట్ల మధ్యే ఉన్నాను.

మత్తుమందు చూపించిన తోట అది. మోటారు సన్నగా మూలుగుతూనే ఉంది, కరెంటు పోనే పోదు. కల అని తెలుసుకోవడానికి అదొక్కటి చాలు, నాకే తట్టలేదు. డ్రిప్పు పైపుల్లో నీళ్లు ఎర్రగా పారుతున్నా వింతనిపించలేదు. కాళ్ల కింద మట్టి చల్లగా ఉంది. ఎంత నడిచినా చెట్ల వరస అయిపోదు, నాకూ తొందర లేదు. బతకాలన్న ఆత్రం కూడా లేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఆత్రమంతా నా భార్యది. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తారు. నాకు ముక్కులోంచి రక్తం ఆగకుండా కారితే ఆ మందు తగ్గించారు. తగ్గిస్తే గడ్డల భయం. నర్సు గంటగంటకూ టార్చి వేసి యంత్రాన్ని చూస్తుంటే, దేనికని అడిగి తెలుసుకుంది మా ఆవిడ. ఆ తర్వాత లోపలికి వదిలిన ప్రతిసారీ నా మొహం కంటే ముందు దాన్నే చూసేదట. ఉప్పు పట్టిన డ్రిప్పు పైపును పది అడుగుల దూరం నుంచే కనిపెట్టే మనిషి. పైపులకు కాపలాదారువని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

"ఈడ చూడు సిస్టరూ, అడుగున నల్లగా నూలుపోగు మాదిరి ఉండాది. పొద్దున ఇంత లేదు" అందట.

డాక్టరు వచ్చి చూశాడు. గడ్డలు పెరుగుతున్నాయి, గాలి పట్టించే ఆ భాగం మార్చాలి, మార్చేందుకు ఒక నిమిషం యంత్రం ఆపాలి, ఆ నిమిషం మనిషి తట్టుకుంటాడో లేదో చెప్పలేనన్నాడు. మార్చకపోతే మొత్తం మూసుకుపోతుంది.

"నీ అన్నకైతే ఏం చేస్తావు సార్?"

"మారుస్తానమ్మా."

"అయితే మార్చు."

తోటలో మోటారు ఆగడం నాకు బాగా గుర్తు. వెలుతురు పలచబడింది. పైపుల్లో ఎరుపు నల్లబడింది. చెట్లు ఒక్కొక్కటే దూరం జరిగాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మళ్లీ మూలుగు వినిపించినప్పుడు, నిద్రపోతున్నవాణ్ణి ఎవరో తట్టి లేపినట్టు విసుగేసింది.

ఇంటికొచ్చిన చాలా రోజులకు ఇదంతా ఆమెకు చెప్పాను, ఆ విసుగుతో సహా, నవ్వుతూనే. "నువ్వేం చేస్తున్నావు అప్పుడు?" అని అడిగాను.

బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "అద్దం తలుపు బయట నిలబడినా. మిషను తిరిగేదాకా నేనూ ఊపిరి తీసుకోగూడదనుకుంటి. నా చేత కాలే. సగంలోనే తీసుకుంటి." ఏరిన రాయిని పక్కన పడేసింది. "నీకు లేని గాలి నేనెట్ల తీసుకుంటినో అని ఇప్పటికీ..."

విసుగేసిందన్న మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు.