రెండు విజిళ్లు

నాకు ఈత రాదు. ఆ సంగతి మా అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియకుండానే నెల్లూరులో ఆడపిల్లల కాలేజీకి పడవపందేల కోచ్‌నైపోయాను.

శ్రీహరికోటలో రాకెట్ల మాటే లేని రోజులవి. నేను డ్రిల్ మేడమ్‌ని. కబడ్డీ, త్రోబాల్, రింగాట, ఇవీ నా విద్యలు. మద్రాసులో ఆడపిల్లల కాలేజీలకు పడవపందెం పెడుతున్నారని ఉత్తరం వస్తే మా ప్రిన్సిపాలమ్మకు ఎక్కడలేని ఉత్సాహం పుట్టింది. “నువ్వే చూసుకోవాలి” అంది. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. “అలాగే మేడమ్” అనేశాను. నోరా, వీపుకు చేటు తేకే అని ఊరికే అన్నారా!

ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెప్పించుకుని చదివాను. నలుగురు వెనక్కి తిరిగి కూర్చుని తెడ్లు లాగాలట, ఐదో మనిషి చుక్కాని పట్టాలట. నీళ్లెక్కడ అని ఆలోచించి, పులికాట్ సరస్సు ఎంచుకున్నాను. ఎందుకంటే అక్కడ చాలామటుకు మోకాటి లోతే, మరీ లోతనుకున్నచోట నడుము దాటదు. పిల్లలకు మేలని ప్రిన్సిపాలమ్మకు చెప్పాను. నిజం చెప్పొద్దూ, నా ప్రాణం కోసమే ఎంచుకున్నాను.

శనివారాలు తెల్లారగట్లే ఐదుగురు పిల్లల్ని వెంటేసుకుని ప్యాసింజరెక్కి, సూళ్లూరుపేటలో దిగి, జట్కా కట్టించుకుని ఒడ్డుకు పోయేవాళ్లం. అక్కడ ఒక ముసలి జాలరి తన పడవకు మా కోసం తెడ్లు అమర్చి ఇచ్చాడు. ఆ సరస్సులో వాళ్లెవరూ తెడ్డు వెయ్యరు. గెడకర్ర అడుగున ఆనించి నెట్టుకుంటూ పోతారు. మా పిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవడం చూసి ఆయన నోరు నొక్కుకున్నాడు.

“పోయే చోటు చూడకుండా ఎట్టా పోతారమ్మా?”

“అదే పద్ధతి తాతా.”

“ఏం పద్ధతో! దొరలకు మెడలు తిరగవా ఏంది?”

ఆ బురదలో పడవ మాటిమాటికీ ఇరుక్కునేది. ఇరుక్కుంటే అక్కడ ఒకటే దారి. అందరూ ఒక్కసారిగా దిగాలి, నెట్టాలి, ఎక్కాలి. ఒకరు దిగి ఒకరు కూర్చుంటే పడవ ఒరుగుతుంది. “దిగండమ్మా” అని తాత కేకేస్తే వీళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుతూ కూర్చునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. డ్రిల్ మేడమ్‌ని కదా, దాన్నీ డ్రిల్లు చేసి పారేశాను. ఒక విజిల్ ఊదితే తెడ్డు వెయ్యాలి. రెండు విజిళ్లు ఊదితే దిగిపోవాలి, మారుమాట లేదు. నాలుగు వారాలకు ఎంత బాగా కుదిరిందంటే, తాత కూడా మెచ్చుకున్నాడు.

అందరికంటే చురుకు దొరవారిసత్రం పిల్ల. రెండో విజిల్ ఆగకముందే నీళ్లలో ఉండేది. “దాన్ని చూసి నేర్చుకోండే” అని మిగతావాళ్లను సాధించేదాన్ని.

ఆ పిల్ల తండ్రి వరి పండించే మనిషి. ఒకరోజు మా హాస్టలు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. మద్రాసు పంపడానికి ఆయన సంతకం కావాలి. కాగితం చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ అడిగాడు.

“నీకు ఈతొచ్చా అమ్మా?”

“వచ్చన్నా” అన్నాను.

“మా పిల్లకు రాదు. బాయికాడికి వాళ్లమ్మ రమ్మన్నా పోదు, భయం దానికి. నీకొచ్చు గదా, ఇంకేం” అని సంతకం పెట్టేశాడు.

ఆ పూట నుంచీ నాకు అన్నం సయించలేదు. పందెం రోజు లోపు నేర్చేసుకుందాం అనుకున్నాను. ఎక్కడ? పెన్న రేవులో అంతమంది ముందు దిగడానికి సిగ్గు. ఎవరినైనా అడగడానికి అంతకన్నా సిగ్గు. సరస్సు మీద పిల్లలు తెడ్లేస్తుంటే ఒడ్డున నిలబడి తలలు లెక్కపెట్టేదాన్ని. ఐదు. మళ్లీ ఐదు. మోకాటి లోతు నీళ్లలో ఏమవుతుందే పిచ్చిదానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మద్రాసులో పందెం ఏటి మీద. నల్లగా, కదలకుండా ఉన్నాయి నీళ్లు. అక్కడి పడవవాణ్ణి లోతెంత అని వచ్చీరాని అరవంలో అడిగితే, రెండు వేళ్లు చూపించి తన నెత్తి తట్టుకున్నాడు. ఇద్దరు మనుషుల లోతన్నమాట. పిల్లలకు జాగ్రత్తలన్నీ చెప్పాను. జడలు బిగించుకోండి, తెడ్డు వదలకండి, పక్కపడవ వైపు చూడకండి. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పలేదు. తోచలేదంటే తోచలేదు.

పందెం మొదలైంది. నేను గట్టు వెంబడి వెనకే పరుగెత్తుతున్నాను. సగం దూరం బాగానే లాగారు. ఆ తరువాత మా పడవ ఒడ్డువైపు జరిగి గుర్రపుడెక్కలో దూరింది. తెడ్లకు డెక్క చుట్టుకుని పడవ ఆగిపోయింది. వెనక్కి తిరిగి కూర్చున్నారు కదా, నలుగురి మొహాలూ నా వైపే ఉన్నాయి. ఏం చెయ్యమంటావు మేడమ్ అన్నట్టు చూశారు.

నేను రెండు విజిళ్లు ఊదాను.

ఊదేదాకా నాకే తెలియదు. నాలుగు వారాల అలవాటు, పడవ ఆగిందంటే చెయ్యి దానంతటదే విజిలందుకుంది. ముగ్గురు సగం లేచారు. పడవ ఊగేసరికి జడుసుకుని చతికిలబడ్డారు. చుక్కాని పిల్ల కదల్లేదు. దొరవారిసత్రం పిల్ల మాత్రం, రెండో విజిల్ ఆగకముందే, దిగిపోయింది. మోకాటి లోతులోకి దిగినట్టే దిగింది, నన్నే చూస్తూ.

తల మునిగింది. జడ ఒక్క క్షణం పైకి తేలి అదీ పోయింది.

నేను దూకలేదు. విజిల్ ఇంకా నా పళ్ల మధ్యే ఉంది. అరవాలన్నా దాన్ని ఉమ్మేయాలని తోచలేదు. ఆ పడవవాడే దూకి, జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఒడ్డున బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిస్తే నీళ్లు కక్కింది, దగ్గింది, ఏడ్చింది. దేవుడా, ఆ ఏడుపంత చల్లని చప్పుడు నేనింకెప్పుడూ వినలేదు.

పందెం పెట్టినవాళ్లు చుట్టూ మూగారు. ఏమైందని గదమాయించారు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ, “నాదే తప్పండీ, తొందరపడి నేనే దిగినాను” అంది. ఒళ్లు తెలియని పిల్ల అని దాన్నే తిట్టారు. నేను పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు.

తిరుగు ప్రయాణంలో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. సూళ్లూరుపేట దాటితే తరువాత వాళ్ల ఊరే. తండ్రి స్టేషన్‌కు వస్తాడు. అడుగుతాడు. ఉద్యోగం పోతుంది, మంచిదే, కానీ ఆయన మొహం ఎట్లా చూడను?

వచ్చాడు. మేమిద్దరం దిగగానే “గెలిచినారా?” అన్నాడు.

“పడవ ఇరుక్కుంది నాయనా. నీళ్లల్లో పడినా” అంది పిల్ల.

“అయ్యో! మేడమ్ తీసిందా?”

“ఆఁ” అంది, నా వైపు చూడకుండా.

అప్పుడు నాకు భయం కంటే రోత ఎక్కువైంది. “లేదన్నా, నేను తియ్యలేదు. నాకు ఈత రాదు. దిగమని విజిలేసింది కూడా నేనే” అన్నాను, ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా.

ఆయన పిల్ల ట్రంకు ఎత్తి భుజానికి పెట్టుకున్నాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే ఉంచాడు. గార్డు జెండా ఊపుతున్నాడు, మిగతా పిల్లలు రైలుపెట్టెలోంచి నన్ను పిలుస్తున్నారు.

“ఆ రోజే ఈ మాట చెప్పుంటే పంపేవాణ్ణి కాదు గదమ్మా” అన్నాడు చివరికి.

“అందుకే చెప్పలేదన్నా.”

“ఆదివారం మా ఇంటికి రా. ఎందుకని అడగబాక.”

ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. ప్రిన్సిపాలమ్మ గది తలుపు చప్పుడైతే చాలు, నన్నే పిలుస్తుందని లేచి నిలబడేదాన్ని. ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి అడుగుతాడా? చుట్టాలందరిముందూ కడిగేస్తాడా? కడగనీ, నాకు తగిన శాస్తే అనుకుంటూ రైలెక్కాను.

ఇంట్లో ఎవరూ కూర్చుని లేరు. ఆ పిల్ల తల్లి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నన్నూ కూతుర్నీ చేలో ఉన్న దిగుడుబావి దగ్గరికి నడిపించింది. మగవాళ్లెవరూ ఇటు రాకుండా ఆయన దూరంగా గట్టు మీద వీపు తిప్పి కాపలా కూర్చున్నాడు. మెట్ల మీద రెండు ఎండు సొరకాయ బుర్రలు, తాడు ఉన్నాయి.

“నేను ఏడేండ్లకే ఈదినా. ఇంతింత చదువులు చదివి ఏం లాభం మీకు?” అంటూ మునిగిపోకుండా ఒక బుర్ర కూతురి వీపుకు కట్టింది, ఇంకోటి నా వీపుకు. “ఇద్దరూ నేర్చుకుంటేనే మళ్లీ పడవెక్కేది. ఆయన మాట ఇది. నా మాట కూడా.”

కూతురు ముందే దిగి, మెట్టు పట్టుకుని గజగజ వణుకుతూ నిలబడింది. నేను మాత్రం నీళ్లు తాకే మెట్టు మీదే ఆగిపోయాను. పచ్చటి నీళ్లు. అడుగు కనపడదు. తల్లి దిగమంది. దిగలేకపోయాను. ఇంకోసారి అంది. నా వల్ల కాలేదు.

పిల్ల తడిచేత్తో నా మెడలో ఎప్పుడూ వేలాడే విజిల్ అందుకుంది. తాడు నా మెడలో ఉండగానే నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదింది.

దిగాను. కాలికి అడుగు తగల్లేదు.