ఆపినా ఆగని బీకన్

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. మా జగిత్యాల దగ్గర ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండిరా అని కసురుకునేవాణ్ణి. ఇప్పటికీ అదే మనిషిని. ఈ ఒక్కటి మాత్రం నా బుర్రకు అందడం లేదు.

ఒమాన్‌లో, షినాస్‌లో పడవలు బాగుచేసే వర్క్‌షాప్‌లో నా డ్యూటీ. ఒక ఒమానీ ముసలాయన పెద్ద పడవ మా దగ్గర రిపేర్‌లో ఉంది. అందుకని ఆయన చిన్న పడవ తీసుకుని, మా చెల్లెలి మొగుడు లచ్చన్నను వెంటబెట్టుకుని తెల్లారకముందే వేటకు పోయాడు. పొద్దెక్కేసరికి రావాల్సినవాళ్ళు మధ్యాహ్నమైనా రాలేదు. ఇద్దరి ఫోన్లూ కలవలేదు. కోస్ట్‌గార్డ్‌కు చెప్పాం, వెతుకుతున్నారు. ఊరి నుంచి చెల్లి ఫోన్ మీద ఫోన్. ఏం చెప్పాలో తెలియక ఎత్తడం మానేశాను.

అప్పుడే, పెద్ద పడవలోంచి విప్పి బల్ల మీద పెట్టిన బీకన్ మిణుకుమనడం మొదలుపెట్టింది. పడవ మునిగితే నీళ్ళు తగిలి, దానంతటదే ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పసుపు డబ్బా అది. దాని మీద తడి గోనె కప్పి ఉంది.

"ఎండకు చెడిపోతాదని నేనే కప్పినా అన్నా," అన్నాడు మాతో పనిచేసే కడప మస్తాన్. ఇంట్లో నీళ్ళ కుండకు చుట్టినట్టు చుట్టాడు మహానుభావుడు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఉత్తుత్తి సంకేతం చూసి, లచ్చన్న కోసం పోయినవాళ్ళు ఇటు తిరిగితే?

స్విచ్ ఆపాను. ఆగలేదు. పొడిగుడ్డతో తుడిచి దాని స్టాండ్‌లో పెట్టాను. ఊహూఁ. చివరికి మూత విప్పి బ్యాటరీ ఊడదీస్తే లైటు ఆరింది. అలా ఆపేసి ఊరుకోకూడదు, పొరపాటున ఆన్ అయిందని చెప్పాలి. వెంటనే రక్షణ కేంద్రానికి ఫోన్ చేసి హిందీలో చెప్పాను. ఆఫీసర్ బీకన్ నంబర్ రాసుకుని, కంప్యూటర్‌లో చూశాడు.

"భాయ్, ఈ నంబర్ సిగ్నల్ ఇంకా వస్తూనే ఉంది. మీ వర్క్‌షాప్ నుంచి కాదు, సముద్రంలోంచి," అన్నాడు.

బ్యాటరీ నా చేతిలో ఉంది. "అయితే వెతికేవాళ్ళను అటే పంపండి సార్," అని ఏడ్చేశాను.

పంపారు. చిన్న పడవ అక్కడే దొరికింది, ఇంజిన్ చెడిపోయి. ముసలాయన పొద్దున్నే గుండె ఆగి చనిపోయాడట. లచ్చన్న తన తలగుడ్డ ఆయన ముఖం మీద కప్పి, పక్కనే సొమ్మసిల్లి ఉన్నాడు.

"ఎవలో తోవ జెప్పినట్టు సీదా నా దగ్గరికే వచ్చిన్రు బావా," అన్నాడు ఆస్పత్రిలో.

ఆ చిన్న పడవలో బీకన్ లేదు. లచ్చన్నను ఎక్కించుకున్నాకే సిగ్నల్ ఆగిందని ఆఫీసర్ తరవాత చెప్పాడు.

మిషన్లు ఒక్కోసారి తప్పు చూపిస్తాయన్నారు. కావచ్చు. ఆ తప్పు సరిగ్గా అక్కడే ఎందుకు చూపించిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.

మా చెల్లి తానెన్నడూ చూడని ఆ ముసలాయన పేరున ఇంట్లో రోజూ దీపం పెడుతోంది. నేను వద్దనలేదు.