ఇద్దర్ని పంపు

ఊళ్ళో ఎవరింట్లోనైనా చెంబో కోడో పోయిందని వినబడితే చాలు, మాలకొండమ్మ పొయ్యిలో నీళ్ళు చల్లేసేది. పొగ కనబడితే గుడిసెలో మనుషులున్నారని తెలిసిపోతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసిన పని అది. పెళ్ళయి ఇద్దరు ఆడపిల్లల తల్లయ్యాక కూడా ఆ అలవాటు ఆమెను వదల్లేదు.

వాళ్ళ ఊరు తాటిమిట్ట. జువ్వలదిన్నెకు దిగువన బకింగ్‌హాం కాలువకు అటూ ఇటూ పరుచుకొని ఉంటుంది. పడమటి వైపు మొలగొలుకుల వరి పండించే రైతుల ఇళ్ళు. తూర్పున ఇసుకదిబ్బల మీద చేపలవేట చేసుకునే పట్టపోళ్ళ పాళెం. ఆ రెంటికీ నడుమ, కాలువగట్టు కింద, వానొస్తే మోకాటిలోతు నీళ్ళు నిలిచే పల్లంలో యానాదుల గుడిసెలు. మాలకొండమ్మ యానాది పిల్ల. పోటునీళ్ళు ఎక్కే కాలువ మొగల్లో చేతులతోనే పీతలు పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె మొగుడు పెంచలయ్య, పెద్దరైతు జయరామయ్య కళ్ళాల దగ్గర కావలివాడు. ఊరి రైతులు ధాన్యానికి కాపలా పెట్టేది యానాదుల్నే. ఏదైనా పోతే పట్టించేదీ వాళ్ళనే. ఇదేం న్యాయమని ఆ ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

పట్టించడానికి ఒక పద్ధతుండేది. దొంగతనం జరిగిందని ఫిర్యాదు వెళ్ళగానే ఠాణా నుంచి జవాను వచ్చేవాడు. యానాదుల కులపెద్ద గుడిసె ముందు నిలబడి, "ఇద్దర్ని పంపు" అనేవాడు. ఎవర్నని చెప్పేవాడు కాదు. ఆ ఎంపిక ఆ పెద్దే చేయాలి. పుట్టుకతోనే దొంగలని యానాదులకు ముద్రవేసిన దొరల కాలపు చట్టం రద్దయి పదేళ్ళు దాటినా, ఠాణాలో అలవాటు మాత్రం రద్దు కాలేదు. మాలకొండమ్మ అన్నను అలాగే పంపారు. పంపింది ఆమె కన్నతండ్రే, అప్పటి పెద్ద. అన్న జైల్లో దగ్గు పట్టుకొని తిరిగొచ్చి, ఆరునెలలు మంచం మీద ఉండి పోయాడు. అతన్ని పంపేనాటికి ఇంకా పుట్టని కొడుకు చెంచయ్యను మాలకొండమ్మ తన పిల్లలతో పాటు పెంచి, మొన్న మాఘంలోనే పెళ్ళి చేసింది. మాలకొండమ్మ తండ్రి పోయాక పెద్దరికం అల్లుడైన పెంచలయ్యకు వచ్చింది. ఆ రోజు చుట్టాలందరూ సంతోషించారు. మాలకొండమ్మ మాత్రం ముద్ద ముట్టలేదు.

అరవై ఒకటి జనాభా లెక్కలు ముగిసిన రెండేళ్ళకు, కోతల కాలంలో, సామ్రాజ్యం అనే ఆవిడ ఆ ఊరికి వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకున్న, ముప్పై ఏళ్ళు నిండని మనిషి. నెల్లూరులో గణాంకశాఖ ఉద్యోగి. ఒకే ఊరి గాలి పీల్చే మూడు జాతుల వాళ్ళు ఎలా బతుకుతున్నారో పక్కపక్కన పెట్టి చూడటం ఆవిడకు అప్పగించిన పని. భూమి, ఇల్లు, చదువు, జబ్బులు, పుట్టిన బిడ్డల్లో దక్కినవాళ్ళు, పోయినవాళ్ళు. బడి గదిలో దిగి, పగలంతా గుమ్మం గుమ్మం తిరిగేది.

మొదట్లో ఊరు నవ్వింది. తర్వాత ఒక మాట పాకింది. కాలువకు ఎగువన ఉన్న మెరక భూమిని ఇళ్ళ స్థలాలకు ఇస్తారట, ఈ లెక్కలు చూసే ఇస్తారట. దాంతో నవ్వులు ఆగిపోయాయి. పట్టపోళ్ళ ఆదిశేషమ్మ సామ్రాజ్యం చెయ్యి పట్టుకొని, "మా తాతలు అరవదేశం నించి తెప్పల మీదొచ్చినారమ్మా. మాకీడ సెంటు భూమి లేదు. సముద్రం తిన్న బిడ్డల్ని గూడా రాసుకో. యానాదోళ్ళ కంటే మాకే ఎక్కువ పోయినారు" అంది. ఆ మాట మాలకొండమ్మ చెవిన పడింది. చచ్చిన బిడ్డల్లో కూడా పోటీ వచ్చిందే అనుకుంది. కానీ తన వంతు వచ్చినప్పుడు, పోయిన ముగ్గురినీ చెప్పి, నెలలు నిండకుండా పోయినదాన్ని కూడా చెప్పాలా వద్దా అని తానూ తడబడింది.

అన్నీ అడిగాక సామ్రాజ్యం మెల్లగా అడిగింది.

"మాలకొండమ్మా, పోలీసు కేసుల లెక్క ఠాణాలో తీసుకున్నాను. రైతుల్లో ఒక్కరూ లేరు. పట్టపోళ్ళలో ఎక్కడో ఒకరు. మీలో మాత్రం దాదాపు ఇంటికొకరు. ఎందుకంటావు?"

మాలకొండమ్మ పొయ్యి వైపు చూసింది. ఏం చెప్పినా అది మళ్ళీ ఠాణాకు చేరుతుందేమో.

"నాకు తెల్దమ్మా" అంది తల వంచుకొని.

అదే ప్రశ్న జయరామయ్య అరుగు మీద అడిగితే ఆయన చుట్ట ఆర్పి, "దాందేవుందమ్మా, ఒక్కో జాతికి ఒక్కో బుద్ధి. రాసుకో" అన్నాడు. అదే నోటితో, "రేయ్ పెంచలిగా, ధాన్యం బండ్లకెక్కిందాకా కళ్ళం వదిలిపెట్టబాక" అని కావలివాణ్ణి కేకేశాడు. ఊళ్ళోకల్లా నమ్మకస్తుడు ఆయనకు వాడే.

సామ్రాజ్యం పని ఒక కొలిక్కి వస్తుందనగా జయరామయ్య ఆయిలింజనులో ఇత్తడి సామాను పోయింది. తెల్లారి నీళ్ళు పెట్టబోయిన పాలేరు చూసి కేకలు వేశాడు. పొద్దెక్కేసరికి జవాను హజరత్తయ్య సైకిలు మీద వచ్చి కాలువగట్టు మీదే నిలబడి, "సాయంత్రం లోపల ఇద్దరు కావాలన్నాడు ఎస్సై. వచ్చి తోలుకపోతా" అని అరిచి ఊళ్ళోకి పోయాడు.

పెంచలయ్య గుడిసె ముందు గొంతుకూర్చున్నాడు. మధ్యాహ్నానికి పెళ్ళాం మొహం చూడకుండా అన్నాడు.

"పక్క గుడిసె పోలయ్యని పంపుతా. ఇంకోడు... చెంచయ్య."

మాలకొండమ్మకు మొదట ఆ రెండో పేరు చెవికెక్కలేదు. ఎక్కాక మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"వాడు మన ఇంట్లో పెరిగినోడయ్యా."

"అందుకే. పోయినసారి ఎదురింటోళ్ళని పంపినా. దాని ముందు మీ చిన్నాయన కొడుకుల్ని. ఈసారి గూడా మన గడప వదిలిపెడితే నా మాట ఎవురింటారు?"

"పెళ్ళయి మూణ్ణెల్లు కాలేదు వాడికి."

"పెళ్ళాముంది గానీ బిడ్డల్లేరు గదా! బిడ్డల్లేనోళ్ళని ముందు పంపేది మీ నాయన పెట్టిన పద్ధతే మాలకొండీ. నేను పెట్టింది గాదు."

"మా నాయన పెట్టిన పద్ధతికి మా అన్న చచ్చినాడు!"

పెంచలయ్య రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. అది ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే ఎవర్ని తిట్టాలో తోచలేదు. గుడిసె వెనక చెంచయ్య వల బాగుచేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. వాడికింకా ఎవరూ చెప్పలేదు.

మాలకొండమ్మ లేచి కొంగు నడుముకు చుట్టుకొని కాలువ దాటింది. రైతుల వీధిలోకి యానాదులు పనిమీద తప్ప పోరు. ఆ రోజు ఆమె ఎవరి వైపూ చూడకుండా నేరుగా బడి దగ్గరికి పోయింది. సామ్రాజ్యం బల్ల ముందు కూర్చొని గడులు నింపుకుంటోంది.

"ఏం మాలకొండమ్మా, ఏదైనా మర్చిపోయావా?"

"అమ్మా, మా కేసుల్లెక్క రాసుకున్యావే..." ఆయాసంతో మాట తెగింది. "అది ఎట్ట పుడతదో చూద్దువు రా. ఇంకాసేపట్లో పుడతది."

చెప్పాల్సిందంతా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. జవాను, సాయంత్రం గడువు, పెద్ద ఎంపిక, పోలయ్య, చెంచయ్య. సామ్రాజ్యం కలం మూత పెట్టడం కూడా మరిచిపోయింది.

"నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఠాణా వాళ్ళ పనిలో తలదూర్చానంటే నాకు మాట వస్తుంది. ఇంట్లో నా జీతం మీద బతికేవాళ్ళున్నారు."

"నువ్వేం మాట్లాడొద్దమ్మా. ఊరికే కూర్చో. కూర్చుంటే చాలు."

సామ్రాజ్యం కిటికీలోంచి బయటికి చూసింది. రాదనుకొని మాలకొండమ్మ వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

పొద్దు వాలుతుండగా హజరత్తయ్య వచ్చాడు. గుడిసె ముందు చాప మీద కళ్ళద్దాలావిడ కూర్చొని ఉండటం చూసి సైకిలు దిగి టోపీ సర్దుకున్నాడు. చుట్టూ గుడిసెల వాళ్ళంతా చేరారు. చెంచయ్యకు అప్పటికి తెలిసిపోయింది. గోడకు ఆనుకొని నిలబడ్డాడు. వాడి పెళ్ళాం వాడి చొక్కా కొస వదలడం లేదు.

"ఏరా, ఎవురు?" అన్నాడు జవాను పెంచలయ్యతో, గొంతు తగ్గించి.

సామ్రాజ్యం మాట్లాడకూడదనుకొనే వచ్చింది. అయినా ఉండబట్టలేకపోయింది. "మీకెవరు కావాలి?"

"ఇద్దరమ్మా."

"ఏ ఇద్దరు?"

హజరత్తయ్య బిక్కమొహం వేశాడు. ఇన్నేళ్ళ నౌకరీలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "ఎవురైనా పర్లేదమ్మా. పెద్ద చూపిస్తాడు" అన్నాడు. అన్నాక, ఆ మాట తన చెవులకే ఎలాగో వినిపించినట్టు అటూ ఇటూ చూశాడు.

పెంచలయ్య లేచాడు. మాలకొండమ్మ మొగుడి నోటికేసే చూస్తోంది. అతను చెంచయ్య వైపు తిరిగాడు. మళ్ళీ జవాను వైపు తిరిగి, "ఎవుర్నీ చూపించను సామీ. నేను చూపించలేను. ఉత్త చేతుల్తో పోలేనంటే నన్ను తీసుకపో" అన్నాడు.

జవాను పెంచలయ్యను తీసుకుపోయాడు. వాళ్ళ వెనక సామ్రాజ్యం, ఆమె వెనక మాలకొండమ్మ, ఆ వెనక గుడిసెల ఆడవాళ్ళు గట్టు మీద నడిచారు. ఠాణాలో ఎస్సై సామ్రాజ్యానికి కుర్చీ వేయించాడు. "కేసేం లేదమ్మా. ఊరికే విచారణ" అన్నాడు నవ్వుతూ.

"ఊరికే విచారణకు తెచ్చినవాళ్ళు కూడా మీరు నాకిచ్చిన లెక్కలో ఉన్నారాండీ?"

ఎస్సై నవ్వు ఆగింది. దీపాలు పెట్టేవేళకు పెంచలయ్యను వదిలేశారు. రేపు మళ్ళీ రమ్మన్నారు.

ఆ రేపు సామ్రాజ్యం లేదు. పై అధికారి నుంచి తంతి వచ్చి పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు పోయింది. ఆ రోజు పెంచలయ్య ఠాణా నుంచి ఎడమచెవి పట్టుకొని తిరిగొచ్చాడు. ఆ చెవికి మరి వినబడలేదు.

తర్వాతి వారం జయరామయ్య ఇత్తడి సామాను కొడవలూరులో దొరికింది. ఇంజను బాగుచేయడానికి వచ్చిపోయే మేస్త్రీయే ఊడదీసి అమ్ముకున్నాడు. అతనిది రైతుల జాతే. జయరామయ్య ఫిర్యాదు వెనక్కి తీసుకొని, పెద్దమనుషుల్ని పెట్టి పరిష్కరించుకున్నాడు. ఠాణా లెక్కలో రైతుల గడి ఎప్పటిలాగే ఖాళీగా ఉండిపోయింది. పెంచలయ్యకు మాత్రం కావలి పని పోయింది. "పట్నమామెను తెచ్చి ఠాణా ముందు కూర్చోబెట్టినోడు రేపు నన్నూ కూర్చోబెడతాడు" అన్నాడట ఆయన.

ఆ ఏడు ఇంట్లో గింజ లేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పీతలకు పోయేవాళ్ళు. "నువ్వు బడి కాడికి పోకుంటే నా చెవుండేది" అన్నాడు పెంచలయ్య ఒక రోజు, ఎసట్లో నూకలు చాలనప్పుడు. మాలకొండమ్మ ఇంకో చెంబు నీళ్ళు పోసింది. చెంచయ్య గుడిసెలో అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుస్తోంది. పెంచలయ్య మంచి చెవి అటు తిప్పి కాసేపు విన్నాడు. మరి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండేళ్ళకు సామ్రాజ్యం ఒకసారి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఆమెను వేరే విభాగానికి మార్చారట. పట్టికలో కేసుల గడి తీసేయడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదని చెప్పింది. అంకెను కొట్టేస్తే శాస్త్రం కాదన్నారు. పోట్లాడి, ఆ అంకెలు ఎలా వచ్చాయో దాని కింద కొన్ని వరుసలు రాయించిందట. "చదివేవాళ్ళు పైనున్న అంకె చూస్తారు, కింద రాసింది చూడరు" అని తనే అంది. పెంచలయ్య చెవి సంగతి తెలిసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మాలకొండమ్మ ఉడికించిన పీతలు పెడితే కాదనకుండా కూర్చొని తింది. మెరక భూమి యానాదులకూ పట్టపోళ్ళకూ పంచుతారని చెప్పిపోయింది గానీ, ఆ పంపకం తెమలడానికి ఇంకా చాలా కాలమే పట్టింది.

అరవై ఆరులో పట్టపోళ్ళ పాళెంలో కొత్త వల పోయింది. హజరత్తయ్య బదిలీ అయ్యాడు. కొత్త జవాను వచ్చి గుడిసె ముందు నిలబడి, ఎవరు నేర్పారో గానీ, అదే మాట అన్నాడు. జవాను నిలబడింది ఎడమచెవి వైపు కావడంతో పెంచలయ్యకు వినబడలేదు. మాలకొండమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవురు కావాల్నో పేరు చెప్పు నాయనా. పిలుస్తాం. పేరు లేకుండా మా కాడ మనుషుల్లేరు."

జవాను జులుం చూపించబోయాడు. పక్క గుడిసెల్లోంచి చెంచయ్య వచ్చాడు, పోలయ్య వచ్చాడు, ఆడవాళ్ళు వచ్చారు. అందరూ ఆమె పక్కన నిలబడ్డారు. వల పోగొట్టుకున్న ఆదిశేషమ్మ మొగుణ్ణే అనుమానం ఎవరి మీదని అడగడానికి జవాను దిబ్బల వైపు పోయాడు. "నేను చూడంది ఎవురి పేరని చెప్పేది" అన్నాడట ఆ ముసలాయన. జవాను మరి అటు రాలేదు.

అతను గట్టెక్కి కనుమరుగయ్యాక మాలకొండమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. చెంచయ్య పెళ్ళాం చంకలో బిడ్డతోనే వంగి ముంతతో నీళ్ళందించింది. జవాను మళ్ళీ వస్తాడేమోనని, ఆ రోజు పోటు దిగేదాకా వాళ్ళు గుడిసెలు వదిలి పీతలకు పోలేదు.